ముప్ఫై ఏడో నంబరు

“ఏ పేజీలో ఉంది?” అన్నాడాయన, కళ్లజోడు కోసం చొక్కా జేబు తడుముకుంటూ.

“రెండువందల ఎనిమిది. మీ పక్షుల ఫొటోల తర్వాత మూడో కాగితం,” అంది ఆమె.

“అప్పుడే అక్కడిదాకా వచ్చావా? ప్రూఫులొచ్చి గంట కూడా కాలేదు.”

“నేను చివరి పేజీ నుంచే చదువుతాను.”

“ఎప్పటినుంచి?”

“ఎప్పుడూ అంతే. వరసలో చదివితే విషయంలో పడిపోతాం, అక్షరాలు కనబడవు. వెనకనుంచి వస్తే తప్పు ఎక్కడికీ పోదు.”

నలభై ఆరేళ్ల కాపురంలో ఆయన ఆఫీసు రిపోర్టులన్నీ ఆమె అలాగే దిద్దింది. పక్కన కూర్చుని ఆయన ఒక్కసారీ చూడలేదు. చూసి ఉంటే, ప్రెస్సాయన గుమ్మంలో ఇచ్చి వెళ్లిన కట్టలోంచి చివరి కాగితాలు తీసి ఎక్కడైనా దాచి ఉండేవాడు.

భోజనాల బల్ల మీద కాలేజీ నూరేళ్ల సంపుటి పరిచి ఉంది. అరవై అయిదు దాటిన పాత విద్యార్థులకి తలా ఒక పేజీ. ఏం ఉద్యోగం చేశారు, ఏం సృష్టించారు అని రెండే ప్రశ్నలు. సంపుటికి ఎడిటరు ఆయన. నూట ఎనభై మంది పంపిన కాగితాల్ని చదవగలిగేలా తిరగరాసింది ఆమె. ఎనిమిది నెలలు పట్టింది.

వంతెనలు కట్టిన ఇంజనీరొకాయన ‘నేను కట్టిన తొమ్మిది వంతెనల్లో ఎనిమిది ఇంకా నిలబడి ఉన్నాయి’ అని రాస్తే, ‘ఇంకా’ తీసేసి ఆయన పరువు నిలబెట్టింది. పదవీ విరమణ చేశాక మట్టిపాత్రలు చెయ్యడం నేర్చుకున్న జడ్జిగారు ఆరు పేజీల తీర్పు రాస్తే, అందులో ‘నా మొదటి పాత్రలో నీళ్లు నిలవలేదు’ అన్న ఒక్క వాక్యం పట్టుకుని దాని చుట్టూ పేజీ కట్టింది. అరవై తొమ్మిదో ఏట ఈత నేర్చుకున్న లెక్కల మేష్టారు, మోకాళ్ల ఆపరేషన్ల మధ్య పద్యాలు రాసే డాక్టరు, అందరూ ఆమె చేతిలోంచే వెళ్లారు. తమ గురించి ఇంత బాగా తామే రాసుకున్నామని వాళ్లంతా ఇప్పుడు నమ్ముతున్నారు.

రెండువందల ఎనిమిదో పేజీ పైన ‘ఆచూకీ తెలియనివారు’ అని ఉంది. కింద ఇరవై ఆరు మంది. పేర్లన్నీ కాలేజీలో చేరినప్పుడు రిజిస్టర్లో రాసుకున్నవి. పెళ్లయి ఇంటిపేరు మారినవాళ్లెవరూ దొరక్కపోవడంతో ఇరవై ఆరులో ఇరవై ఇద్దరు ఆడవాళ్లే. పదకొండో వరసలో ఆమె పెళ్లికాక ముందు పేరు, పక్కనే హాజరుపట్టీ నంబరు: ముప్ఫై ఏడు.

ఆయన కాగితాన్ని కిటికీ వెలుగులోకి పెట్టి చదివాడు. చదవడానికి పట్టాల్సినంతసేపు కన్నా ఎక్కువసేపు పట్టుకున్నాడు.

“గుమాస్తా రిజిస్టరు చూసి కొట్టుకొచ్చిన జాబితా ఇది. నేను చూడలేదు.”

“పదిహేడో వరసలో ఇంటిపేరు తప్పుంటే మీ చేత్తో దిద్దారు. ఇదిగో, ప్రెస్సాయన పాత ప్రతి కూడా కలిపి పంపాడు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“సరే, చూశాను. ఏం చెయ్యమంటావు?”

“ఏమంటాను? నేను ఎక్కడున్నానో మీకు తెలియదా? పొద్దున్న టీ ఎవరిచ్చారనుకున్నారు?”

“వెటకారం వద్దు. నీకు డిగ్రీ లేదు. మూడో ఏడు మధ్యలో మానేశావు. నీకు పేజీ ఇస్తే, మానేసిన ప్రతివాళ్లకీ ఇవ్వాలి.”

“ఈత నేర్చిన ఆ మేష్టారూ మధ్యలో మానేసినవాడే. ఆయనకి ఇచ్చారు.”

“ఆయన తర్వాత సాధించాడు.”

ఆ మాట అన్నాక ఆయన ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి తీసుకుంటాడేమోనని ఆమె చూసింది. తీసుకోలేదు.

“నువ్వే చెప్పు. వృత్తి అన్నచోట ఏం రాయను? వంట అని రాయనా?”

“ప్రూఫులు దిద్దడం అని రాయండి. మీ రిపోర్టులన్నీ దిద్దాను.”

“అది ఇంటిపని.”

“ఆ రిపోర్టులకే కదా మీకు ప్రమోషన్లొచ్చాయి.”

“నేను వేయించిన నీళ్ల గొట్టాలకి వచ్చాయి ప్రమోషన్లు. కామాలకి కాదు.” ఆయన కుర్చీ జరుపుకుని తీరిగ్గా కూర్చున్నాడు. గెలుస్తున్నప్పుడు ఆయన గొంతు తగ్గుతుంది. “పోనీ, సృష్టించినవి ఏమిటి? అది చెప్పు. రాసేస్తాను.”

ఆమె నూట నలభై ఒకటో పేజీ తీసి ఆయన ముందు పెట్టింది.

అది పొడుగుది. కాలేజీలో అందరికంటే జానెడు ఎత్తుండేది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు పెద్ద నాటక దర్శకురాలు. పొడుగు కాగితం ఒక్కటే ఆయన తిరగరాయడానికి ఇవ్వలేదు. ‘నాటకాలవాళ్ల భాష నీకు పట్టదులే, నేనే చూసుకుంటాను’ అన్నాడు.

పేజీలో పొడుగు ఇలా రాసింది: ‘నాకు పేరు తెచ్చిన “రాని మనిషి” నలభై ఏళ్లుగా ఆడుతోంది. హాస్టలు గదిలో నాలుగు మంచాలు, ముగ్గురు అమ్మాయిలు. నాలుగో అమ్మాయి చివరిదాకా రాదు. దాన్ని రాసింది మా క్లాసులో ముప్ఫై ఏడో నంబరు. నోటుపుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఎక్కడికి వెళ్లిందో నేటికీ తెలియదు. ఈ సంపుటి చదివేవాళ్లలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.’

ఆ క్లాసులో ఒకే పేరున్న అమ్మాయిలు ముగ్గురు. లెక్చరరు పేర్లు వదిలేసి నంబర్లతో పిలిచేవాడు. స్నేహితులకీ అదే అలవాటయింది.

“ఇది నాది,” అంది ఆమె. “నేను పెట్టిన పేరు ‘నాలుగో మంచం’. పొడుగు మార్చేసింది. అందుకే ఇన్నేళ్లూ నాకు తెలియలేదు. పేపర్లో పొడుగు నాటకం ఉందని చూసి, వెళ్దామా అని మిమ్మల్ని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ మీకు వేరే పని పడింది.”

“పడి ఉంటుంది.”

“పడిందా, పెట్టుకున్నారా?”

ఆయన కాగితాల అంచులు సమంగా తట్టి పెట్టుకున్నాడు. ఆ తట్టడం చాలాసేపు సాగింది.

“ఒప్పుకుంటాను. నువ్వే రాశావు,” అన్నాడు చివరికి. “పంతొమ్మిదేళ్లకి ఒక్కటి రాశావు. తర్వాత నలభై తొమ్మిదేళ్లు గడిచాయి. కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి, కలాలు ఉన్నాయి, మధ్యాహ్నాలు ఉన్నాయి. నిన్నెవరు ఆపారు?”

ఆమె బల్ల మీది కాగితం ఒకటి తిరగేసి పెట్టింది.

“నేనైతే ఆపలేదు కదా. ఎప్పుడైనా రాయొద్దన్నానా?”

“అనలేదు.”

“మరి?”

ఈ ప్రశ్న ఆమె తనకి తాను చాలా మధ్యాహ్నాలు వేసుకుంది. అడిగిన ప్రతిసారీ లేచి ఏదో పని చూసుకుంది. ఇవాళ లేవడానికి పనేమీ లేదు.

“మూడు ప్రదర్శనలు పెట్టారు పక్షుల ఫొటోలతో,” అంది. “మూడింట్లోనూ ఒకటే కొంగ. చివరి ఫొటోలో పాపం అది కూడా మొహం తిప్పేసుకుంది. మిమ్మల్నీ ఎవరూ ఆపలేదు.”

ఆయన మొహం ఎర్రబడింది. ఆ దెబ్బ తగిలిందని ఆమెకి సంతోషంగానే ఉంది. అలా సంతోషించినందుకు సిగ్గు కూడా వేయలేదు.

ఆమె ఎర్ర కలం తీసి, పదకొండో వరస మీద గీత కొట్టింది. అంచున ‘తీసేయాలి’ అని రాసింది. ఆయన చెయ్యి చాచి అదే కలం తీసుకున్నాడు. కొట్టేసిన పేరు కింద వరసగా చుక్కలు పెట్టుకుంటూ వెళ్లాడు. కొట్టేసినది మళ్లీ అలాగే ఉంచాలంటే ప్రూఫుల్లో పెట్టే గుర్తది. పెళ్లయిన కొత్తలో ఆయనకి ఆమే నేర్పింది.

* * *

కూతురు మూడింటికి వచ్చింది. ఆస్పత్రిలో నడుంనొప్పులవాళ్లచేత వ్యాయామాలు చేయిస్తుంది. మధ్యాహ్నం రోగుల్ని ఇంకొకరికి అప్పగించి, చేతులకి మందువాసనతోనే వచ్చింది. తండ్రి ఫోను చేసి పిలిచాడని ఆ నడకలోనే తెలుస్తోంది.

“ఏంటమ్మా ఇది? ఇంతకీ నాటకం పోయిందా, పేరు పోయిందా?”

“రెండూ.”

కూతురు నిలబడే పేజీ చదివింది. చదువుతూ ఒకచోట తల్లి వైపు చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం ఉంది, దాని వెనకే ఇంకేదో లెక్క ఉంది.

“బాగుందమ్మా. నిజంగా నువ్వే రాశావా?”

“నమ్మలేకపోతున్నావా?”

“అది కాదు. నాకెప్పుడూ చెప్పలేదు కదా.”

“నువ్వెప్పుడూ అడగలేదు కదా.”

“అడగడానికి తెలియాలి కదమ్మా. సర్లే.” కూతురు కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చుంది. రోగితో మాట్లాడే గొంతు తెచ్చుకుంది. “చూడు. ప్రెస్సువాళ్లు అయిదింటికి మిషను ఎక్కిస్తారు. బుధవారం ఆవిష్కరణ. ఇప్పుడు పేజీలు కదిపితే అన్నీ కదులుతాయి. నాన్న ఎడిటరు. సొంత భార్యనే కనబడటం లేదని వేశాడని తెలిస్తే ఊరు ఊరంతా నవ్వుతుంది. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఉంటుంది.”

“నవ్వాల్సిన విషయమే కదా.”

“మీ అల్లుడి సంగతి ఆలోచించావా? వచ్చే నెలలో ఆ కాలేజీలోనే ఆయన ఉద్యోగం పర్మనెంటు చేస్తారో లేదో తేలుస్తారు. తేల్చేది ప్రిన్సిపాలు. ఆ ప్రిన్సిపాలు పొద్దున్న లేస్తే ఈ సంపుటి గురించే మాట్లాడుతున్నాడట. ఇలాంటప్పుడు సంపుటి మీద గొడవొస్తే, అది ఎవరింట్లోంచి వచ్చిందని అడుగుతారు.”

“నీ మొగుడి ఉద్యోగం నేను కనబడకపోవడం మీద ఆధారపడి ఉందన్నమాట.”

“అలా వంకరగా తీసుకోకు.”

“తిన్నగా ఎలా తీసుకోవాలో చెప్పు, తీసుకుంటాను.”

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తున్నాడు. ఇలాంటి చోట్ల ఆయన ఎప్పుడూ మధ్యస్థుడిలా ఉంటాడు, తగువు తనది కానట్టు.

“అమ్మా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇప్పుడు పేరొస్తే ఏం చేసుకుంటావు?”

“ఏమీ చేసుకోను.”

“మరెందుకు?”

“ఏదో చేసుకోడానికే అయితే మీ నాన్న కొంగ ఎందుకు?”

కూతురికి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆయన మెడ నరం బిగిసింది.

“పొడుగు నాలుగింటికి వస్తోంది,” అన్నాడు, ఇంకా గోడనే చూస్తూ. “తన పేజీ చూసుకోడానికి. ఆవిడ ఎదురుగా నన్ను నవ్వులపాలు చెయ్యకు.”

ఆ మాట విన్నాక ఆమె ఇంకేమీ వాదించలేదు. లేచి మొహం కడుక్కుంది. తల దువ్వుకుంది. అద్దంలో చూసుకుంటే పంతొమ్మిదేళ్ల పిల్ల ఆనవాలు కనుబొమల దగ్గర మాత్రమే మిగిలింది. అయినా చాలనుకుంది. నలభై ఏళ్లుగా వెతుకుతున్న మనిషి గుర్తుపట్టడానికి కనుబొమలు చాలు.

గుమ్మంలో తనని చూసి పొడుగు ఏం చేస్తుందో ఊహించుకుంది. పేజీలోని ఫొటోలో ఉన్న చేతికర్ర పడేస్తుందా, గట్టిగా పట్టుకుంటుందా, నంబరుతో పిలుస్తుందా. ఆ ముప్పావు గంట ఆమెకి చాలా బాగా గడిచింది.

* * *

పొడుగు నాలుగూ అయిదుకి వచ్చింది. వెండిపిడి కర్ర, కురచగా కత్తిరించిన తెల్లజుట్టు. ఆ వయసులోనూ గుమ్మం కింద తల వంచాల్సి వచ్చింది. తలుపు తీసింది ఆమే.

పొడుగు ఆగింది. ఆమె మొహం చూసింది, వెనక హాల్లో నిలబడ్డ ఆయన మొహం చూసింది, మళ్లీ ఆమెని చూసింది.

“బాగున్నావా?” అంది.

అంతే. కర్ర చేతిలోనే ఉంది.

ఒకరి వాక్యంలో ఏ మాట ఎక్కువో ఏ మాట తక్కువో ఆమెకి చూడగానే తెలుస్తుంది. ఇక్కడ తక్కువయింది ఆశ్చర్యం. నలభై తొమ్మిదేళ్ల తర్వాత కనబడిన మనిషిని ఎవరూ బాగున్నావా అని అడగరు. మొన్న వదిలిపెట్టిన మనిషిని అడుగుతారు.

“నేనెవరో తెలుసా?” అంది ఆమె.

“ముప్ఫై ఏడు.”

“ఇక్కడుంటానని తెలుసా?”

పొడుగు లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది.

“ఎడిటరుగారూ, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

“ఇప్పుడవన్నీ ఎందుకండీ,” అన్నాడాయన.

“ఇది ఇంట్లో ఉండదని మీరన్నారు. ఉంది. కాబట్టి చెప్పాలి.” పొడుగు ఆమె వైపు తిరిగింది. “ఇరవై ఆరేళ్ల కింద మీ అమ్మగారి దగ్గర నీ అడ్రసు పట్టుకుని ఉత్తరం రాశాను. నాటకం అచ్చు వేస్తున్నారు, నీ పేరు వెయ్యనా అని అడిగాను. జవాబు మీ ఆయన రాశాడు. నువ్వు సుఖంగా ఉన్నావనీ, ఆ పాత సంగతులు నీకు ఇష్టం లేదనీ, మళ్లీ రాయొద్దనీ.”

ఆమె భర్త వైపు తిరిగింది. ఆయన మొదటిసారి నేలచూపులు చూశాడు.

“అమ్మాయి పరీక్షలు,” అన్నాడు. “ఇల్లంతా గందరగోళం అవుతుందనుకున్నాను. ఆ తర్వాత చెబుదామనుకున్నాను.”

“నా పరీక్షలా?” అంది కూతురు.

ఆమె భర్తకి ఇంకో అడుగు దగ్గరగా జరిగింది.

“ఏ సబ్జెక్టు?” అంది ఆమె.

“ఏంటి?”

“ఆ రోజు ఏ సబ్జెక్టు పరీక్ష? ఇరవై ఆరేళ్లు పట్టింది కదా అయ్యేసరికి, పెద్ద పరీక్షే అయి ఉంటుంది.”

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఆమె ఆయన్ని వదిలేసి పొడుగు ఎదురుగా కూర్చుంది.

“నాకు ఇష్టం లేదని ఆయనంటే నమ్మావా?”

“నమ్మాను.”

“మళ్లీ ఒక్కసారి అడగాలనిపించలేదా? ఫోనుంది. ఈ ఇంటికి దారుంది. నువ్వు దేశమంతా తిరిగావు కదా.”

“అనిపించలేదు.”

“ఎందుకని?”

“నీకు అబద్ధం చెప్పను,” అంది పొడుగు. “అనుకూలంగా ఉంది కాబట్టి.”

కూతురు కదిలింది. తల్లి భుజం మీద చెయ్యి వేయబోయి, చేతికున్న మందువాసన గుర్తొచ్చిందో ఏమో, వెనక్కి తీసుకుంది.

“నాటకం అయిపోయాక ఏం చేస్తానో తెలుసా?” అంది పొడుగు. ఆమె గొంతు మారింది. వెనక వరసదాకా వినబడే గొంతది. “హాల్లో లైట్లు వేయిస్తాను. నాలుగో మంచం పక్కన నిలబడి జనం వైపు చూస్తాను. ‘ముప్ఫై ఏడూ, ఎక్కడున్నావు?’ అని పిలుస్తాను. పిలిచి ఒక నిమిషం ఆగుతాను. జనం ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు, తలలు తిప్పి వెనక్కి చూస్తారు. ఏడుస్తారు. నాలుగువందల ప్రదర్శనల్లో ఆ నిమిషం ఒక్కసారీ వృథా పోలేదు.”

“ఇరవై ఆరేళ్ల కిందటి జవాబు అందాక కూడా పిలుస్తున్నావా?”

“పిలుస్తున్నాను.”

“నేను ఏ వీధిలో ఉన్నానో తెలిసి.”

“వీధి తెలిసి, ఇంటి నంబరు తెలిసి. అయితే?” పొడుగు ముందుకి వంగింది. “నేను పిలిచేది నిన్ను కాదు. పంతొమ్మిదేళ్ల పిల్లని. మొదటిది రాసి మాయమైపోయింది. చచ్చిపోయిందేమో, పారిపోయిందేమో, ఎక్కడో పెద్ద పెద్దవి రాస్తోందేమో. జనం వాళ్లకి తోచింది అనుకుంటారు. నువ్వు లేచి నిలబడితే ఏమవుతుంది? కీళ్లనొప్పులతో ఒక ఇల్లాలు కనబడుతుంది. ఇంకేం రాశారండీ అని అడుగుతారు. ఏం చెబుతావు?”

ఆమె చేతులు ఒళ్లోకి తీసుకుంది.

“అదీ. ఆ పిల్ల ఆ రోజుతో చచ్చిపోతుంది. నువ్వే చంపినట్టవుతుంది.”

“సరిగ్గా ఇదే చెప్పాను నేను,” అన్నాడాయన. గొంతులో ధైర్యం తిరిగొచ్చింది. “ఇంకేం రాశావని అడిగాను. నోరు మెదపలేదు.”

“మీరు మాట్లాడకండి,” అంది పొడుగు, ఆయన వైపు చూడకుండానే. “మీరు చేసింది వేరు. నేను దాని నాటకాన్ని బతికించాను.”

“పేరు మార్చి,” అంది ఆమె.

“పేరు మార్చి. మూడో అంకం సగం తీసేసి. నువ్వు రాసిన దాంట్లో నాలుగో అమ్మాయి చివర్లో వస్తుంది, గుర్తుందా? తలుపు కొట్టి లోపలికొచ్చి, ఆలస్యమైందని క్షమాపణ చెప్పి పడుకుంటుంది. మొదటి రిహార్సల్లోనే తెలిసింది, అది తేలిపోతుందని. రాకూడదు. రాకపోతేనే నాటకం.”

ఆమెకి గుర్తుంది. ఆ తలుపు చప్పుడు కోసమే నాటకమంతా రాసింది. మూడు వారాలు పట్టింది ఆ ఒక్క ప్రవేశం కుదరడానికి. ‘చివరిదాకా రాదు’ అంటే చివర్లో వస్తుందనే చదువుకుని, ఇంతసేపూ నాటకం చేతులు మారిందనీ పేరు పోయిందనీ మాత్రమే అనుకుంటోంది. ఆ ప్రవేశం కూడా పోయిందని ఇప్పుడు తెలిసింది.

గోడకున్న ఫోను మోగింది. కూతురు దగ్గరలో ఉంది.

“ప్రెస్సు,” అంది, చేత్తో మూసి. “ఆఖరి పదహారు పేజీలు మిషనెక్కిస్తున్నారట. దిద్దుబాట్లేమైనా ఉన్నాయా అని అడుగుతున్నారు. అమ్మగారిని పిలవమంటున్నారు.”

ఎప్పుడూ ఆమెతోనే మాట్లాడతాడు ప్రెస్సాయన. ఎడిటరుగారు చెప్పింది అమ్మగారు మళ్లీ చెబితేనే ఆయనకి నమ్మకం.

ఆమె లేచింది. బల్ల మీద రెండువందల ఎనిమిదో పేజీ ఉంది, గీతతో, చుక్కలతో. పొడుగు దాన్ని ఇప్పుడే చూసింది. కర్ర పిడి మీద వేళ్లు బిగుసుకున్నాయి. ఆయన ఊపిరి బిగబట్టాడు. బల్లకీ ఫోనుకీ మధ్య ఏడెనిమిది అడుగులు.

ఆమె నాలుగు వేసింది.

“అమ్మ పనిలో ఉందండీ,” అంది కూతురు ఫోనులో, తల్లి కళ్లలోకి చూస్తూనే. “దిద్దుబాట్లేమీ లేవు. వేసేయండి.”

ఫోను పెట్టేసింది. పెట్టేసిన చెయ్యి దాని మీదే ఉంచింది.

“గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా,” అంది. “తర్వాత చూసుకుందాం. రెండో ముద్రణ వేస్తారు కదా, అప్పుడు చూసుకుందాం.”

ఆమె గది మధ్యలో నిలబడి మిగతా ఇద్దర్నీ చూసింది. ఆయన భుజాలు దిగాయి. పొడుగు వేళ్లు కర్ర మీద వదులయ్యాయి. ఇద్దరూ ఒకేసారి గాలి పీల్చుకున్నారు. ఇరవై ఆరేళ్లుగా మొహాలు కూడా సరిగ్గా చూసుకోని ఆ ఇద్దరికీ ఆ ఊపిరి ఎంత బాగా కలిసిందో చూసి ఆమెకి నవ్వొచ్చింది.

“టీ పెట్టనా?” అంది.

“వద్దులే,” అంది పొడుగు, లేవబోతూ. “నాకు రిహార్సలుంది. కొత్త పిల్ల చేస్తోంది రెండో మంచం వేషం. మాట పట్టడం లేదు.”

“మళ్లీ వేస్తున్నావా?”

“ఈ ఆదివారం. కాలేజీ హాల్లోనే. నూరేళ్ల పండగని వాళ్లే అడిగారు.” చెప్పాక పొడుగు ఆగింది. చెప్పకుండా ఉండాల్సిందని ఆమె మొహం మీద తెలిసిపోయింది.

“ఎన్నింటికి?”

“ఆదివారం మనకి వేరే పని ఉంది,” అన్నాడాయన.

“మీకుంది,” అంది ఆమె. చూపు పొడుగు మీదే ఉంది. “ఎన్నింటికి?”

“ఆరున్నరకి.”

“పిలిచాక ఎంతసేపు ఆగుతావన్నావు?”

నాలుగువందల సార్లు నిండు హాలుని చూసి బెదరని పొడుగు కళ్లు మెల్లగా ఎడిటరుగారి వైపు తిరిగాయి. ఆయన అప్పటికే ఆమె వైపు చూస్తున్నాడు.